ఏడో రీలు చివరి జానెడు

ఫ్లెక్సీల షాపతను ఆ పొద్దున నాలుగోసారి ఫోన్ చేశాడు.

"సార్, మీరు పంపిన ఫొటోలో ఆయమ్మ కండ్లు మూసుకోనుండాది. నోరు తెరుసుకోనుండాది. సంతాపం ఫ్లెక్సీ గదా సార్, బస్టాండులో కడతారు, నలుగురూ చూస్తారు. ఇంకొకటి లేదా?"

"లేదు."

"ఆధార్ కార్డులోది తీసుకుందామా?"

"ఆధార్ ఫొటోలో దేవుడైనా దొంగ మాదిరే ఉంటాడప్పా. అది వద్దు."

"పోనీ, కండ్లు నేను తెరిపిస్తా సార్. కంప్యూటర్లో రెండు నిమిషాల పని. ఏ హీరోయిన్ కండ్లు కావల్లో చెప్పండి, అవే పెడతా."

"ఆ కండ్లు ముట్టుకున్నావంటే షాపుకాడికొచ్చి తంతా" అన్నాను.

నాకు డెబ్బయ్యేళ్లు. అతని షాపు మేడ మీద ఉంది. నేను మెట్లెక్కలేనని అతనికి తెలియదు కాబట్టి మాట విన్నాడు.

ఆ ఫొటోలో ఉన్నామె మొన్న శుక్రవారం పోయింది. మా కంబదూరులో ఆమెను అందరూ గుర్రాలక్క అనేవాళ్లు. అసలు పేరు నాకు తెలుసు కానీ రాయను. ఎందుకు రాయనో చివర్లో చెప్తాను. అది ఆమె పెట్టిన షరతు. ఆమె షరతులతో ఆడుకునే ధైర్యం, ఆమె పోయాక కూడా, నాకు లేదు.

ఆమె సినిమా నటి. నవ్వకండి. కౌబాయ్ సినిమాలు జోరుగా వచ్చిన రోజుల్లో ఐదు సినిమాల్లో చేసింది. ఐదింటిలోనూ ఒక్క మాట మాట్లాడలేదు. ఐదింటిలోనూ ఆమె ముఖం కనపడలేదు. కనపడింది వీపు, జడ, దుమ్ము.

సినిమా వాళ్లు బెళుగుప్ప వైపు గుట్టల్లోకి వచ్చింది మా కరువు చూసే. కౌబాయ్‌లు తిరగాలంటే చెట్టు ఉండకూడదు, నీళ్లు ఉండకూడదు, ఎటు చూసినా ఎర్రమన్నూ బండలే ఉండాలి. ఆ మూడూ మా దగ్గర తాతల నాటి ఆస్తి. కెమెరామెన్ నడుం మీద చేతులు పెట్టుకుని, "అబ్బ, ఎంత బాగా ఎండిపోయిందండీ" అన్నాడట. పక్కనున్న రైతు చెనక్కాయ పంట పోయి అప్పుడే ఏడ్చి వచ్చాడు. ఈ మనిషికి దండం పెట్టాలో దవడ పగలగొట్టాలో తెలియక నిలబడిపోయాడని ఆమె చెప్పి చెప్పి నవ్వేది.

హీరోయిన్‌కు గుర్రమంటే భయం. గుర్రానికి హీరోయిన్ సెంటు వాసనంటే భయం. ఇద్దరికీ పొసగలేదు. గుర్రాల మేతకూ మాలీషుకూ ఒక జట్కా ఆయనను పిలిపించారు. ఆయన వెంట ఇరవయ్యేళ్ల కూతురు వచ్చింది. పుట్టినప్పటి నుంచి గుర్రం దగ్గరే పెరిగిన మనిషి. హీరోయిన్ బట్టలు తొడిగి, నెత్తిన టోపీ పెట్టి, మూతికి రుమాలు కట్టి ఎక్కించారు. డైరెక్టరు రెండే మాటలు చెప్పాడు. మొగం తిప్పొద్దు. మాట్లాడొద్దు.

"ఆ రెండూ ఇడిసిపెడితే ఇంకేముంటాదప్పా ఆడమనిషికి? అయినా చేసినా" అనేది.

ఆమె చెప్పే కథల్లో మా టీ కొట్టు వాళ్లందరికీ కంఠతా వచ్చింది ఒకటుంది. మూడో సినిమాలో హీరోయిన్ గుర్రం మీద పారిపోతుంది, దొంగల ముఠా తరుముతుంది. పొద్దున పూట ఈమె హీరోయిన్‌గా పారిపోయింది. మధ్యాహ్నం ముఠాలో ఒకనికి వాంతులు పట్టుకున్నాయి. మనిషి తక్కువయ్యాడు. దాంతో ఈమెకే మీసాలు అతికించి, నల్ల చొక్కా తొడిగి, తరమమన్నారు.

"నన్ను నేనే తరుముకున్నా. మూడు మైళ్లు. పట్టుకోలేకపోయినా. నేను అంత ఫాస్టు" అనేది, టీ గ్లాసు కింద పెట్టకుండా, అందులో ఒక్క చుక్క గర్వం కూడా తక్కువ కాకుండా.

ఒకసారి పాపం ఒక డైలాగు కూడా ఇచ్చారు. గుర్రం మీంచి పడుతూ "అయ్యో" అనాలి. ఆమె పడింది. పడుతూ "ఓర్నీ యవ్వారం పాడుగాను, నడుం ఇరిగిపాయెనే" అంది. డైరెక్టరు ఆ ముక్క తీసి పారేసి, ఇంకెప్పుడూ ఆమెకు మాటివ్వలేదు.

ఆ సినిమాల మోజు తీరిపోయింది. ఆమె మాత్రం గుర్రం దిగలేదు. చీర మీద మగవాళ్ల తోలు బెల్టు పెట్టుకునేది. అది షూటింగులో ఇచ్చిన బెల్టు. జట్కాలు పోయి, ఆమె నాయన పోయి, గుర్రం కూడా పోయాక తమ్ముడి ఇంట్లో ఉంటూ మేకలు పెట్టుకుంది. పాత మోపెడ్ ఒకటి కొనుక్కుంది. దాన్ని ఎడమ వైపు నుంచే ఎక్కేది. ఎక్కే ముందు హ్యాండిలు కింద రెండు దెబ్బలు ప్రేమగా తట్టేది. కదలడానికి నాలుకతో టక్ టక్ అనేది. ఆపాలంటే బ్రేకు కంటే ముందు "హో, హో" వచ్చేది. పెట్రోలు బంకులో "మేత పొయ్యప్పా, పొద్దుట్నించీ ఏం తినల్యా" అంటే పోసేవాడికి మొదట్లో అర్థం కాలేదు. తర్వాత అతనే "ఏమక్కా, నీళ్లు తాపించినావా దానికి" అని అడిగేంత దూరం వచ్చాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

టీ కొట్టు ముందు బెంచీ మీద ఆమె ఎప్పుడూ రోడ్డుకు వీపు పెట్టి కూర్చునేది. ఎవరన్నా పలకరిస్తే తల తిప్పేది కాదు. అట్లాగే వెనక్కు మాట్లాడేది. "మొగం అబద్ధాలు చెప్తాదప్పా. ఈపు చెప్పదు. నువ్వు నడిసిపోతాంటే నీ ఈపు చూసి చెప్తా, ఇంట్లో కొట్లాడి వచ్చినావో లేదో." నా విషయంలో ఒక్కసారి కూడా తప్పలేదు. అందుకని ఆమె ఉంటే నేను గోడవారగా నడిచేవాణ్ణి.

అన్నిటికంటే పెద్ద సంగతి ఒకటి మిగిలింది. ఐదో సినిమాలో గుర్రం వంక దూకుతుంది. వంక అంటే వాగు. నీళ్లు లేనిదే, కానీ లోతు ఎక్కువ. దూకేటప్పుడు గాలికి ఆమె మూతికి కట్టిన రుమాలు జారిపోయింది. ముఖం కెమెరాకు దొరికిపోయింది. గుర్రం కాలు బెణికింది, మళ్లీ దూకించడానికి లేదు. చేసేది లేక ఆ ముక్కను అట్లాగే ఉంచేశారని అసిస్టెంటు కెమెరామెన్ ఈమెకు చెప్పాడు. రెప్ప కొట్టినంత సేపు. అంతే. కానీ అది ఆమె ముఖం.

"సూటిగా చూసినా కెమెరాలోకి. వంక దూకేటప్పుడు కండ్లు మూసేవాడు మగోడే కాదు. నేను మూయల్యా" అని ఊరంతా చెప్పింది.

ఇక ఇక్కడ నేను రావాలి. రావడం నాకిష్టం లేదు, అయినా రావాలి.

నేను టూరింగ్ టాకీస్ ఆపరేటర్ని. కంబదూరులో మా డేరా ఉండేది. మిషను ఒక్కటే. రీలు అయిపోగానే బొమ్మ ఆపి, లైట్లు వేసి, ఇంకో రీలు ఎక్కించాలి. జనం ఆ సందులో బొరుగులు తిని, పక్కవాడితో కొట్లాడి, మళ్లీ కూర్చునేవాళ్లు. ఫిలిం గురించి తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. రీలు మధ్యలో ఫిలిం ఎప్పుడూ బాగుంటుంది. దెబ్బతినేది మొదలూ చివరే. చివర అయిపోగానే తోక చక్రం మీద టపటపా కొట్టుకుంటుంది. కొట్టుకుని అంచులు చిరుగుతాయి. చిరిగిన దాన్ని మిషన్లో పెడితే ఇరుక్కుని కాలిపోతుంది. అందుకని ప్రతి ఊరి ఆపరేటరూ చిరిగినంత మేర కత్తిరించి పంపిస్తాడు. మా కంటే ముందు ఆడించిన పై ఊరు ఒక బెత్తెడు, ఇంకో ఊరు ఒక మూరెడు. పల్లెకు వచ్చేసరికి ప్రతి రీలూ తోక తెగిన బల్లిలా ఉండేది.

ఆ సినిమా మా డేరాకు వచ్చినప్పుడు ఏడో రీలు చివర ఒక జానెడు బాగా చిరిగి ఉంది. మధ్యాహ్నం కూర్చుని కత్తిరించాను. జానెడు అంటే తెర మీద అర సెకను. ఎవరికి నష్టం అనుకున్నాను.

ఆ సాయంత్రం మొదటి ఆటకు గుర్రాలక్క వీధి వీధినంతా బండ్లలో ఎక్కించుకుని వచ్చింది. ముప్పై మంది. వాళ్లను నేల క్లాసులో ముందు వరసలో కూర్చోబెట్టి, తను మాత్రం తెర పక్కన, తెరకు వీపు పెట్టి, వాళ్ల వైపు తిరిగి నిలబడింది. ఏడో రీలు మొదలవగానే కేక పెట్టింది.

"వంక వస్తాంది. ఎవరూ రెప్ప కొట్టొద్దండి. కొడితే నేను పోతా."

మిషను కంతలోంచి చూస్తున్నాను. తెర మీద గుర్రం పరిగెత్తుతోంది. తెర వెలుగు ఎగిరి ఆమె చెంప మీద పడుతోంది. ఆ ముప్పై ముఖాల్లో తన ముఖం ఎప్పుడు కనపడుతుందా అని చూస్తోంది. అంత ఆశ ఉన్న ముఖం నేను తెర మీద కూడా చూడలేదు. గుర్రం వంక అంచుకు వచ్చింది, ముందు కాళ్లు ఎత్తింది. రీలు అయిపోయింది. లైట్లు వెలిగాయి.

ముప్పై తలలూ తెర మీంచి ఆమె మీదికి తిరిగాయి.

"ఏమక్కా, యాడ?" అని ఒక ముసలాయన అడిగాడు.

"వచ్చిపోయింది గదప్పా. నువ్వు రెప్ప కొట్టినావు."

"నేను కొట్టల్యా."

"కొట్టినావు. అందరూ కొట్టినారు. నేను ఈడ్నే నిలబడి చూస్తాండా. మీ దరిద్రపు కండ్లు ఒక్క నిమిషం తెరుసుకోనుండలేవు."

విచిత్రమేమిటంటే వాళ్లు నమ్మారు. ముప్పై మందీ ఒకేసారి రెప్ప కొట్టామని, తప్పు తమదేనని నమ్మి, తలలు వంచుకుని ఇళ్లకు పోయారు. రెండో రోజు మళ్లీ వచ్చారు. ఏడో రీలు వచ్చేసరికి వేళ్లతో రెప్పలు పైకి లాగి పట్టుకుని కూర్చున్నారు. కన్నీళ్లు కారుతున్నాయి, ముఖం మాత్రం రాలేదు. ఒకావిడ పక్కామెను, "నువ్వు నా కండ్లు పట్టుకో, నేను నీ కండ్లు పట్టుకుంటా" అంది.

మూడో రోజు ఆమె మిషను గది తడిక తోసుకుని లోపలికి వచ్చింది.

"ఎవడో కోసినాడప్పా నా మొగాన్ని. నువ్వేనా?"

"నేను కాదక్కా. పై ఊర్లోనే కోసి పంపినారు. ఈడికి వచ్చేటప్పటికే లేదు."

నోరు దానంతటదే అబద్ధమాడింది. ఆమె జట్కా కట్టించుకుని పై ఊరికి పోయింది. అక్కడి ఆపరేటరు, నేను కాదమ్మా, నాకంటే ముందు ఊరివాడు అన్నాడు. ముందు ఊరివాడు ఇంకో ముందు ఊరిని చూపించాడు. మూడు ఊళ్లు తిరిగి, ముగ్గురు అమాయకులను తిట్టి, గుర్రాన్ని అలసగొట్టుకుని వచ్చింది. వచ్చి నా దగ్గరే కూర్చుని, "వాడు దొరికితే ముక్కు కోస్తానప్పా ఆపరేటరూ" అని చెప్పుకుంది. నేను తేలు కుట్టిన దొంగలా తల ఊపాను. అక్కడి నుంచి వారానికొకసారైనా ఆ మాట వింటూనే వచ్చాను. నలభై ఏళ్లకు పైగా నా ముక్కు ఆమె మాట మీద బతికింది.

మీరు అడగొచ్చు, ఆ ముక్క అతికించి చూపించవచ్చు కదా అని. ఆమె తడిక తోసుకుని వచ్చిపోయిన రోజే అనుకున్నాను. చెత్తలోంచి ఏరి, దుమ్ము తుడిచి, భూతద్దం పెట్టి చూశాను. జానెడు ముక్కలో పన్నెండు బొమ్మలు. పన్నెండింటిలోనూ కళ్లు మూసుకుని ఉంది. ఊరికే కూడా కాదు. పంటి కింద ఇసుక పడ్డట్టు గట్టిగా మూసుకుని, నోరు తెరిచి, రెండు చేతులతో గుర్రం జూలు పట్టుకుని ఉంది. కెమెరాలోకి సూటిగా చూశానని ఊరంతా చెప్పిన మనిషి.

చూపిస్తే నా ముక్కు పోతుంది, చూపిస్తే ఆమె పరువూ పోతుంది. ఆమె పరువు కోసమే దాచానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగం నిజం. మిగతా సగం ముక్కు.

ఆ ముక్కను బిస్కెట్ల డబ్బాలో దాచాను. డేరా పీకేశారు, మిషను పాతసామాన్లకు పోయింది, డబ్బా మాత్రం ఉంది. నా భార్య ఇల్లు సర్దినప్పుడల్లా, "ఆయమ్మ ముక్క ఇంకా పెట్టుకోనుండావే" అని దెప్పుతుంది. దెప్పి, మళ్లీ అక్కడే పెడుతుంది.

పోయిన ఎండాకాలం ఆమె తమ్ముడి కొడుకు, ఆటో నడుపుతాడు, టీ కొట్టు దగ్గరకు ఫోన్ పట్టుకుని వచ్చాడు. "అత్తా, నీ సినిమా ఫోన్లో దొరికినాది. మొత్తం ఉండాది" అన్నాడు. ఆ రోజు మొదటిసారి ఆమె బెంచీ మీద రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నాకు నిజంగా ప్రాణం లేచి వచ్చింది. ఎక్కడో ఒక మంచి రీలు మిగిలే ఉంటుంది, ఆమె చూసుకుంటుంది, నా పాపం నీళ్లలో ఉప్పులా కరిగిపోతుంది అనుకున్నాను.

వంక వచ్చింది. "రెప్ప కొట్టొద్దప్పా" అంది నా మోచేయి పట్టుకుని. గుర్రం కాళ్లు ఎత్తింది. బొమ్మ ఒక్క ఎగురు ఎగిరి, హీరో ఇంట్లో భోజనం చేస్తున్నాడు. ఆ ఫోన్‌లోకి ఎక్కింది కూడా ఊళ్లు తిరిగి తోక తెగిన రీలే.

ఆమె తిట్టలేదు. దాంతో నాకు భయమేసింది. ఫోన్ అతని చేతికి ఇచ్చి, మళ్లీ రోడ్డుకు వీపు పెట్టి కూర్చుని, "అయితే నేను యాడా లేనప్పా" అంది.

ఆ రోజు నేను అన్నం తినలేదు. మర్నాడు పొద్దున డబ్బా, భూతద్దం తీసుకుని వాళ్లింటికి పోయాను. ఆమె మేకలకు ఆకు వేస్తోంది. ముందు ముక్కు మీద చెయ్యి పెట్టుకుని, తర్వాత చెప్పాను. కోసింది నేనేనక్కా అని.

ఆమె ముక్కనూ భూతద్దాన్నీ లాక్కుంది. ఎండకు ఎదురు పెట్టింది. పన్నెండు బొమ్మలూ ఒక్కొక్కటే జరుపుతూ చూసింది. మళ్లీ మొదటి నుంచి చూసింది. మేకలు నా పంచె తినడం మొదలుపెట్టాయి. నేను కదల్లేదు.

"గుర్రం బాగుండాది" అంది చివరకు.

"అక్కా, నీ కండ్లు..."

"కనపడతాంది లే. గుడ్డిదాన్నా?" భూతద్దం దించింది. "దొంగసచ్చినోడా, ఇన్నేండ్లు ఎందుకు దాచినావు?"

"కండ్లు మూసుకున్నావు గదక్కా. ఊరికంతా మూయల్యా అని చెప్పుకుంటివి. నలుగురూ నవ్వుతారని..."

"గుర్రమెక్కింది నువ్వా, నేనా?"

"నువ్వేనక్కా."

"మరి మూసుకున్నానని నాకు తెలీదా?" అంది. అని, మేకను తోసేసి, నా వైపు తిరిగి కూర్చుంది. "భయమేసినాది. మూసుకున్నా. తెరిసేసరికి అవతల గట్టు మింద ఉండా. వంక దూకింది నేను, ఎట్ల దూకినానో నాకు తెలీదు. అందుకే గదప్పా రెప్ప కొట్టొద్దని అందర్నీ బతిమాలింది. నేను చూడంది మీరన్నా చూసి చెప్తారని."

నాకు ఏడుపొచ్చింది. ఆమె నవ్వింది. నవ్వి నవ్వి బెల్టు వదులు చేసుకుంది. నా ముక్కు గట్టిగా ఒకసారి పిండి, "ఇంగ దీన్ని తీసుకోనిపో, కోసేంత పనికొచ్చే ముక్కు కాదు ఇది" అంది.

షరతులు అప్పుడే పెట్టింది. "నేను పోయినప్పుడు ఇదే పెట్టు. పోయినోళ్లు కండ్లు మూసుకోనుండటమే మర్యాద. పేరెయ్యొద్దు. ఐదు సినిమాలకు ఎయ్యని పేరు ఫ్లెక్సీకెందుకు? గుర్రం మీద ఉండేది ఈమెనే అని ఎయ్యి, చాలు."

అట్లాగే వేయించాను. శనివారం పొద్దున బస్టాండు దగ్గర కట్టారు. ఆరడుగుల ఎత్తున ఇరవయ్యేళ్ల పిల్ల, కళ్లు గట్టిగా మూసుకుని, నోరు తెరిచి, గాలిలో ఉన్న గుర్రం మీద. పక్కన చిరిగిన ఫిలిం అంచు కూడా పడింది. కింద ఒకటే వరస: ఐదు సినిమాల్లోనూ గుర్రం మీద ఉన్నది ఈమే.

బస్సు దిగినవాళ్లు నిలబడి చదువుతున్నారు. వాళ్లలో ఆ రోజు నేల క్లాసులో "ఏమక్కా, యాడ" అన్న ముసలాయన కొడుకు ఉన్నాడు. ఇప్పుడు అతనూ ముసలాయనే. ఆ రోజు నాయన పక్కనే కూర్చున్న ముప్పై మందిలో ఒకడు.

"ఇదేనా అన్నా, ఆ పొద్దు మేం రెప్ప కొట్టి పోగొట్టుకునింది?" అన్నాడు.

"మీరు కొట్టల్యప్పా. ఎవరూ కొట్టల్యా. నేను కోసినా."

అతను నన్ను పైనించి కింది దాకా చూశాడు.

"మా నాయన సచ్చేదాకా చెప్పుకున్నాడన్నా, అందరికంటే ముందు తానే రెప్ప కొట్టినానని" అన్నాడు. అని, నన్ను కొట్టకుండా, ఫ్లెక్సీకి ఎదురుగా నా పక్కనే నిలబడ్డాడు.

ఎర్రటి ఎండ. కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి. ఇద్దరమూ ఆమె ముఖం వైపే చూస్తూ, చేతనైనంత సేపు, రెప్ప కొట్టకుండా నిలబడ్డాం.